అడగండి, చెబుతాను: వంటింటి బల్ల మీద పుట్టిన ఉపగ్రహం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆకాశం గురించే. ముప్పై నాలుగేళ్లు డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి, ఇప్పుడు పెదవాల్తేరులో విశ్రాంతిగా ఉంటున్న నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు. మొదటి ఉత్తరానికి జవాబు పొడవైంది. మిగతావారు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: టీచరుగారూ, నేను ఇంజినీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. మేము అయిదుగురు అమ్మాయిలం కలిసి ఒక చిన్న ఉపగ్రహం తయారుచేయాలని అనుకున్నాం. మా సార్‌ను అడిగితే, "అది కోట్ల రూపాయల పని, ఇస్రో చేసే పని, ముందు పరీక్షలు చూసుకోండి" అన్నారు. విశ్వవిద్యాలయంలో కూర్చుని నిజంగా ఉపగ్రహం చేసినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టారు? – ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: ఉన్నారమ్మా. ఇంగ్లండులో, లండనుకు నైరుతిగా గిల్డ్‌ఫర్డ్ అనే ఊరు ఉంది. అక్కడ సర్రే విశ్వవిద్యాలయం. చిన్న ఉపగ్రహాలంటే ఇవాళ ప్రపంచంలో ఎవరైనా ముందుగా తలచుకునే పేర్లలో అక్కడి అంతరిక్ష కేంద్రం ఒకటి. దాన్ని నిలబెట్టిన ఆచార్యుడు మార్టిన్ స్వీటింగ్. ఆయన ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకున్నారు, అక్కడే షార్ట్‌వేవ్ యాంటెనాల మీద పరిశోధన చేసి 1979లో డాక్టరేటు తీసుకున్నారు, తర్వాత కూడా ఆ ఊరు వదిలి వెళ్లలేదు. ఆయనకు హామ్ రేడియో అంటే ప్రాణం. హామ్ అంటే లైసెన్సు తీసుకుని, సొంత సెట్టు మీద, లాభాపేక్ష లేకుండా దూరదేశాల వారితో మాట్లాడే రేడియో అభిమాని.

ఆ రోజుల్లో ఉపగ్రహానికి వాడే ప్రతి విడిభాగమూ ప్రత్యేకంగా చేయించాల్సిందే. ఒక్కో భాగానికి ఏళ్ల తరబడి పరీక్షలు. ఆ ఖర్చు ప్రభుత్వాలకే సాధ్యం. స్వీటింగ్, ఆయన తోటివారు వేసుకున్న ప్రశ్న చాలా సాదాది: బజారులో అందరికీ దొరికే చిప్పులతో చేస్తే ఏమవుతుంది? సర్క్యూట్ బోర్డుల గీతలను వంటింటి బల్ల మీద చేత్తో గీశారు. ఉన్నంతలో దుమ్ము పడని ఒక గదిని విశ్వవిద్యాలయంలోనే ఏర్పాటు చేసుకున్నారు. నాసా వారిని ఒప్పించి, వాళ్ల రాకెట్టులో మిగిలిన చోటు ఉచితంగా సంపాదించారు. 1981 అక్టోబరు 6న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి డెల్టా రాకెట్టు మీద ఆ ఉపగ్రహం బయలుదేరింది. పేరు యూఓశాట్-1. బరువు యాభై కిలోల పైచిలుకు, అంటే మనం కొనుక్కునే పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండింటి బరువు. దానిలో చిన్న కంప్యూటర్ ఉంది. ఆకాశంలో తిరుగుతుండగానే కింద నుంచి దాని ప్రోగ్రాము మార్చవచ్చు. ఆ కాలానికి అది సామాన్యమైన విషయం కాదు.

అమ్మా, ఈ కథలో అసలు ఘట్టం రాకెట్టు ఎగిరిన రోజు కాదని నా నమ్మకం. మరుసటి సంవత్సరం జరిగినదే అసలు ఘట్టం. 1982లో ఒక పొరపాటు వల్ల ఆ ఉపగ్రహంలోని రెండు ట్రాన్స్‌మిటర్లూ ఒకేసారి మోగడం మొదలుపెట్టాయి. పెళ్లిపందిట్లో రెండు మైకుసెట్లు చెవి పక్కనే హోరెత్తుతుంటే, వీధి చివర నుంచి పిలిచినవాడి కేక వినబడుతుందా? ఉపగ్రహం పరిస్థితి అదే. "ఒక ట్రాన్స్‌మిటర్ ఆపు" అని కింద నుంచి పంపిన ఆజ్ఞ దాని చెవికి ఎక్కలేదు. తన గొంతే తన చెవిని మూసేసింది. నెలలు గడిచాయి. చివరికి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దగ్గర ఉన్న, 46 మీటర్ల వెడల్పు గల పెద్ద డిష్ యాంటెనాను వాడనిచ్చారు. దానితో ఎంతో బలంగా పంపిన ఆజ్ఞ సెప్టెంబరులో లోపలికి చేరింది. ట్రాన్స్‌మిటర్ ఆగింది. ఉపగ్రహానికి మళ్లీ వినబడింది. ఆ తర్వాత 1989 అక్టోబరులో వాతావరణంలోకి పడి కాలిపోయేదాకా అది పనిచేస్తూనే ఉంది.

దాదాపు ఆరు నెలలు బదులు పలకని ఒక పెట్టె కోసం రోజూ యాంటెనా తిప్పుతూ కూర్చున్నవారిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. డబ్బుతో వచ్చేది కాదు ఆ పట్టుదల. మీ సార్ "కోట్లు కావాలి" అన్నమాట పూర్తిగా తప్పని నేను అనను, రాకెట్టు టిక్కెట్టుకు డబ్బు కావాలి. కానీ ఒక కేంద్రం నిలబడేది అలాంటి ఆరు నెలల వల్ల.

నా కళ్లతో చూసినది, చెవులతో విన్నది కూడా చెప్పాలి. వాళ్ల రెండో ఉపగ్రహం యూఓశాట్-2 సుమారు ఆరు నెలల్లో తయారై, 1984 మార్చి 1న పైకి వెళ్లింది. అప్పటికి నేను విశాఖపట్నం వచ్చి ఉద్యోగంలో చేరాను. మహారాణిపేటలో మా సహోద్యోగి ఒకాయన హామ్. ఒక రాత్రి మా ఇద్దరు ముగ్గురిని వాళ్ల డాబా మీదికి పిలిచారు. వెదురుకర్రకు అల్యూమినియం కడ్డీలు బిగించిన యాంటెనా, పక్కన చాప మీద సొంతంగా కట్టుకున్న రిసీవరు, దానికి పాత టేపురికార్డరు. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఆయన గడియారం చూసి, యాంటెనాను డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిప్పి పట్టుకోమని నా చేతికి ఇచ్చారు. ముందు ఒట్టి హోరు. తర్వాత ఆ హోరు అడుగు నుంచి ఒక గరగర పైకి తేలింది, తాటాకు మీద గోరుతో గీసినట్టు, తెగకుండా. అది ఉపగ్రహం పంపుతున్న అంకెలు: దాని బ్యాటరీ ఎంత, ఒంటి వేడి ఎంత, సౌరఫలకాలు ఎంత కరెంటు ఇస్తున్నాయి.

దాని పౌనఃపున్యం 145.825 మెగాహెర్ట్జ్. కానీ అక్కడే డయల్ ఉంచితే చాలదు. మనవైపు వస్తున్నంతసేపూ సంకేతం మూడు కిలోహెర్ట్జ్ వరకు పైన ఉంటుంది, నెత్తిమీద దాటుతున్నప్పుడు సరిగా ఉంటుంది, వెళ్లిపోతున్నప్పుడు అంతే కిందికి జారుతుంది. దూసుకొచ్చే రైలు కూతలో మీరు విన్న మార్పే ఇది, దీన్నే డాప్లర్ ప్రభావం అంటాం. నేను యాంటెనా తిప్పుతుంటే ఆయన గోటితో డయల్‌ను వెంట్రుకవాసి జరుపుతూ వచ్చారు. పదమూడు నిమిషాలకు కాస్త తక్కువగా సింహాచలం కొండల వెనకకు అది దిగిపోయింది. అప్పటికి నేను డాప్లర్ ప్రభావాన్ని నాలుగు బ్యాచులకు నల్లబల్ల మీద చెప్పాను. ఆ రాత్రి మొదటిసారిగా అది నాకు తెలిసింది.

అదే యూఓశాట్-2కు మాట్లాడే గొంతు కూడా ఉండేది, ఒక చిప్పులో భద్రపరిచిన ఇంగ్లీషు మాటలు. 1988లో సోవియట్, కెనడా దేశాల వాళ్లు పదమూడుమంది కలిసి స్కీల మీద ఉత్తరధ్రువం మీదుగా మంచుసముద్రం దాటారు. వాళ్లు ఎక్కడ ఉన్నారన్నది మరో ఉపగ్రహ వ్యవస్థ లెక్కకడితే, ఆ అంకెలను సర్రే నుంచి యూఓశాట్-2కు పంపేవారు. అది వాళ్ల నెత్తిమీదుగా వెళుతూ "మీరు ఇక్కడ ఉన్నారు" అని గొంతెత్తి చదివేది. చంకలో చిన్న రేడియో ఉంటే చాలు. మాకు విశాఖలో గరగరే దొరికింది గాని ఆ గొంతు వినే భాగ్యం కలగలేదు.

ఇక డబ్బు సంగతి. స్వీటింగ్‌కూ డబ్బు ఇబ్బందే. 1985లో విశ్వవిద్యాలయం తరఫున వందే వంద పౌండ్ల మూలధనంతో, నలుగురు ఉద్యోగులతో ఒక కంపెనీ పెట్టారు. ఉపగ్రహాలు అమ్మడంతో ఆగలేదు. ఉపగ్రహం కావాలన్న దేశం తన యువ ఇంజినీర్లను కూడా పంపేది. వాళ్లు గిల్డ్‌ఫర్డ్‌లో ఉండి, తమ దేశపు ఉపగ్రహానికి తామే టంకం వేసి, నేర్చుకుని, తిరిగి వెళ్లేవారు. దక్షిణ కొరియా కథ దీనికి మంచి సాక్ష్యం. అక్కడ చోయ్ సూన్-దాల్ అనే ఆచార్యుడు 1989లో తన విశ్వవిద్యాలయంలో ఉపగ్రహ పరిశోధన కేంద్రం స్థాపించి, తన విద్యార్థులను సర్రేకు పంపారు. వాళ్లు అక్కడ కట్టిన కిట్‌శాట్-1 1992 ఆగస్టులో ఎగిరింది. కొరియాకు అదే మొదటి ఉపగ్రహం. రెండోదాన్ని సొంత ఊళ్లో కట్టి మరుసటి సంవత్సరమే, 1993 సెప్టెంబరులో పంపారు. ఒక్క ఏడాది తేడా! చదువంటే అదీ.

ఇక్కడ నా మనసులోని బాధ ఒకటి చెప్పకుండా ఉండలేను. నేను పనిచేసిన ఒక కళాశాలలో మంచి ఆసిలోస్కోపు, అంటే విద్యుత్ సంకేతాలను తెర మీద గీసి చూపే పరికరం, కొన్నారు. పాడైతే లెక్చరరు జీతంలోంచి కోత పడుతుందన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేశారు. ప్రతి మార్చిలో స్టాకు రిజిస్టరు పట్టుకుని ఒకరు వచ్చి, బీరువా తెరిచి, "ఉంది" అని టిక్కు పెట్టి, మళ్లీ తాళం వేసేవారు. ఆరేళ్ల తర్వాత ఆ తాళంచెవి నా చేతికి వచ్చింది. తెరిచి చూస్తే చుట్టూ థర్మోకోల్ కూడా తీయలేదు. ఆ ఆరేళ్లలో ఆ గది గడప దాటి వెళ్లిపోయిన పిల్లల ముఖాలు నాకు గుర్తున్నాయి. పాడైనా ఫరవాలేదు, ముట్టుకోండి అని చెప్పే పెద్దమనిషి ఒకరు ఉండాలి. సర్రేలో ఆ మనిషి నలభై ఏళ్లకు పైగా ఒకేచోట ఉన్నారు. 2002లో ఆయనకు నైట్‌హుడ్ ఇచ్చి సర్ అని గౌరవించారు. ఆ బిరుదు కంటే ఆ నలభై ఏళ్లే నాకు గొప్పగా తోస్తాయి.

మీ అయిదుగురూ ఎక్కడ మొదలుపెట్టాలంటారా? ఉపగ్రహంతో కాదు, వినడంతో. స్టీలు కొలత టేపు ఒకటి, ప్లంబింగు పనికి వాడే పీవీసీ గొట్టం రెండు మీటర్లు పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో కొనండి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. సగం అంటే సుమారు ఒక మీటరు. టేపును ఆ కొలతకు కాస్త అటూఇటుగా, వెనక ముక్క కొంచెం పొడవుగా, ముందు ముక్క కొంచెం పొట్టిగా కత్తిరించి గొట్టానికి బిగిస్తే, తిప్పిన దిక్కు నుంచి బాగా వినే యాగీ యాంటెనా తయారు. టేపు అంచులు బ్లేడులా కోస్తాయి, వాటికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. టంకం వేసే చోట పసుపుపచ్చ రంగు పొరను గరుకు కాగితంతో పూర్తిగా గీకాలి. లేకపోతే టంకం నీటిబొట్టులా జారిపోతుంది. కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ రేడియో రిసీవరు కొన్ని వేల రూపాయల్లో వస్తుంది, అయిదుగురూ పంచుకోండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అప్పుడప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతుంది. మీ డాబా మీద కూర్చుని ఒక్క బొమ్మ పట్టండి. దాన్ని అచ్చువేసి మీ సార్ బల్ల మీద పెట్టండి, మాటలేమీ అవసరం లేదు. ఆయన కూడా ఒకప్పుడు మీలాంటి విద్యార్థే, ఆ కాగితం చూశాక తప్పకుండా డాబా మీదికి వస్తారు.

ప్రశ్న: ఆ ఇంగ్లండు విశ్వవిద్యాలయం ఉపగ్రహాలు మన శ్రీహరికోట నుంచి కూడా వెళ్లాయని మా మనవడు అంటున్నాడు. నిజమేనా? – ఒక విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం

జవాబు: నిజమేనండీ, మీ మనవడు సరిగానే చెప్పాడు. 2013 ఫిబ్రవరి 25న పీఎస్ఎల్‌వీ-సీ20 మీద స్ట్రాండ్-1 అనే బుల్లి ఉపగ్రహం వెళ్లింది. సర్రే కేంద్రమూ, వాళ్ల కంపెనీ ఇంజినీర్లూ కలిసి చేసినది. దాని కడుపులో ఒక మామూలు స్మార్ట్‌ఫోను ఉంది, మన జేబులో ఉండేలాంటిదే. 1981లో వేసుకున్న ప్రశ్ననే ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ వేసుకున్నారన్నమాట: బజారులో దొరికేది అక్కడ పనిచేస్తుందా?

తర్వాత 2015 జులై 10న పీఎస్ఎల్‌వీ-సీ28 మీద సర్రేలో చేసిన అయిదు బ్రిటిష్ ఉపగ్రహాలు వెళ్లాయి. వాటిలో మూడు కవలల్లాంటివి, ఒక్కొక్కటి 447 కిలోలు, భూమిని ఫొటో తీసేవి. అన్నీ కలిపి 1,440 కిలోలు. అప్పటికి ఇస్రో ఇతర దేశాల కోసం మోసిన బరువుల్లో అదే పెద్దది. 2018 సెప్టెంబరులో సీ42 మీద మరో రెండు. చేత్తో గీసిన బోర్డులతో మొదలుపెట్టినవాళ్లు, సైకిలు మీద రాకెట్టు ముక్కు మోసుకెళ్లి మొదలుపెట్టిన మన ఇస్రోవాళ్లు శ్రీహరికోటలో కలుసుకున్నారు. ఈ కలయిక నాకెంతో ఇష్టం. మీ మనవడికి నా ఆశీస్సులు చెప్పండి.

ప్రశ్న: ఎప్పుడూ విదేశాల ఆచార్యుల గురించే చదువుతాం. మన విశాఖపట్నంలో అంతరిక్ష పరిశోధనకు పునాది వేసినవారు ఎవరూ లేరా? – ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: ఉన్నారండీ. మన దగ్గరే ఉన్న మనిషిని మనం చెప్పుకోకపోవడం మన లోపమే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర విభాగంలో ఆచార్య బి.రామచంద్రరావుగారు అయనావరణ పరిశోధనను మొదలుపెట్టి, ఒక బృందాన్నే తయారుచేశారు. 1950ల నాటికే ప్రపంచపు పరిశోధన పత్రికల్లో 'వాల్తేరు' అన్న పేరు కనిపించడానికి ఆయన, ఆయన శిష్యులు కారణం. ఉపగ్రహాలు లేని కాలం అది. మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరిందే 1957 అక్టోబరులో.

ఉపగ్రహం లేకుండా అంతరిక్షం మీద పరిశోధన ఏమిటని మీ పిల్లలు అడుగుతారు. ఇలా చెప్పండి. భూమికి సుమారు 60 కిలోమీటర్ల పైనుంచి వందల కిలోమీటర్ల వరకు గాలిలోని అణువులను సూర్యకాంతి చీల్చి, విద్యుదావేశం గల పొరలుగా మారుస్తుంది. అదే అయనావరణం. షార్ట్‌వేవ్ రేడియో తరంగాలు దాన్ని తాకి కిందికి తిరిగి వస్తాయి. నా చిన్నప్పుడు సాయంత్రం సిలోన్ రేడియోలో తెలుగు పాటలు వినేవాళ్లం. పాట మంచి పట్టులో ఉండగా గొంతు సన్నగిల్లి, మళ్లీ పొంగి, అలలు అలలుగా వచ్చేది. మా నాన్నగారు రేడియో మీద తట్టేవారు. రేడియోలో లోపం లేదు, పైన ఆ పొర కదులుతోంది.

వాల్తేరులో వాళ్లు ఆ హెచ్చుతగ్గులనే కొలతకర్రగా మార్చుకున్నారు. పొలంలో ముగ్గురు పిల్లలను మూడు మూలల నిలబెట్టండి. మబ్బునీడ ఒకటి జరిగి వస్తోంది. ముందు ఎవరి మీద పడింది, ఎన్ని సెకన్లకు రెండోవాడి మీద, ఎన్ని సెకన్లకు మూడోవాడి మీద పడింది అన్నది రాసుకుంటే మబ్బు ఎటు, ఎంత వేగంగా పోతోందో లెక్క తేలుతుంది. పిల్లల చోట మూడు యాంటెనాలు, నీడ చోట సంకేతపు హెచ్చుతగ్గులు. పైకి పంపిన రేడియో తరంగం పొరను తాకి తిరిగి వస్తుంది, మూడు రిసీవర్లలో దాని అలలు కాస్త ముందువెనకలుగా నమోదవుతాయి. ఆ తేడాతో వందల కిలోమీటర్ల ఎత్తున అయనావరణం ఏ దిక్కుకు కొట్టుకుపోతోందో నేల మీద నిలబడి చెప్పగలిగారు. రాకెట్టు లేదు, ఉపగ్రహం లేదు. మూడు యాంటెనాలు, ఫిల్మ్ రికార్డులు, రాత్రంతా మేలుకునే విద్యార్థులు.

ఈ ఊరు అందుకు తగిన చోటు కూడా. భూఅయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొస మీదుగా పోతుంది. 1963 నవంబరు 21న మన తొలి రాకెట్టుకు కేరళలోని తుంబాను ఎన్నుకున్నది అందుకే. ఆ రేఖ దగ్గర పగటిపూట విద్యుదావేశం ఫౌంటెన్‌లా పైకి చిమ్మి, ఉత్తరంగా దక్షిణంగా రెండు పక్కలా దిగుతుంది. విశాఖపట్నం ఆ చిమ్మే చోటుకూ, దట్టంగా దిగే చోటుకూ నడుమ ఉంది. పైగా సూర్యాస్తమయం తర్వాత ఆ పొరల్లో బుడగల్లాంటి ఖాళీలు పుట్టి పైకి లేస్తాయి. వాటి గుండా వచ్చిన ఉపగ్రహ సంకేతం నక్షత్రం మినుకుమన్నట్టు మినుకుమంటుంది. మీ ఫోనులోని జీపీఎస్‌కు కూడా ఇది తగులుతుంది. విమానాలు దిగడానికి మన దేశం ఏర్పాటు చేసుకున్న గగన్ వ్యవస్థ ఈ అయనావరణపు తప్పును సరిదిద్దుకోకుండా పనిచేయజాలదు. 1950లలో 'ఇది దేనికి పనికొస్తుంది' అని అడిగినవాళ్లు ఉండే ఉంటారు.

స్వీటింగ్ గారికి వచ్చినంత పేరు రామచంద్రరావుగారికి రాలేదు. కానీ ఆయన దగ్గర చదివినవారిలో కొందరు తర్వాత తిరువనంతపురం వెళ్లి దేశపు అంతరిక్ష కార్యక్రమంలో పెద్ద బాధ్యతలు మోశారు. మీరు పిల్లలను విశాఖ విహారయాత్రకు తీసుకొస్తారు కదా, కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం చూపిస్తారు. ఈసారి విశ్వవిద్యాలయం ముందు బస్సు పది నిమిషాలు ఆపించి, ఈ మూడు యాంటెనాల కథ చెప్పండి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. డాబా మీద ఇనుపగొట్టం పాతి తీగలు కట్టాడు. విదేశీ స్టేషన్లు వింటున్నానంటాడు. పక్కింటివాళ్లు పిడుగు పడుతుందని, మాకు జబ్బులు వస్తాయని గొడవ చేస్తున్నారు. తీసేయించమంటారా? – ఒక తల్లి, గాజువాక

జవాబు: తీసేయించవద్దమ్మా. వినే యాంటెనా నుంచి బయటికి ఏమీ రాదు. దాని వల్ల ఎవరికీ జబ్బు చేయదని పక్కింటివారికి నిదానంగా చెప్పండి. పిడుగు సంగతి మాత్రం తేలికగా తీసుకోకండి. మబ్బు కమ్ముతుండగానే, ఉరుములు మొదలుకాకముందే తీగను రేడియో నుంచి ఊడదీసి ఇంటి బయట ఉంచాలి, ఉరుముల సమయంలో పిల్లవాడు డాబా ఎక్కకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గొట్టం ఒరిగి పడినా కరెంటు తీగలకు తగలనంత దూరంలో ఉందో లేదో మీరే స్వయంగా చూడండి. దగ్గరగా ఉంటే ఈ రోజే మార్పించండి. ఇనుపగొట్టం బదులు వెదురుకర్ర మంచిది.

పన్నెండేళ్లు నిండినవారు కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖ నిర్వహించే హామ్ పరీక్ష రాయవచ్చు. మొదటి మెట్టుకు మోర్స్ కోడు కూడా రానక్కరలేదు. లైసెన్సు వచ్చేదాకా వినడమే, ప్రసారం చేయకూడదు. ఇది గట్టిగా చెప్పండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధిలో చెట్లు అన్నీ ఒకే దిక్కుకు పడుకున్నాయి. ఫోన్లు మూగబోయాయి. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు మేము బతికి ఉన్నామో లేదో తెలియక రెండు రోజులు అన్నం ముట్టలేదు. కారు బ్యాటరీకి సెట్టు తగిలించుకుని కూర్చున్న ఒక హామ్, మా పేర్లు, 'క్షేమం' అన్న ఒక్క మాట, ఆమె ఫోను నంబరు కాగితం మీద రాసుకుని హైదరాబాదులోని మరో హామ్‌కు చదివి వినిపించాడు. ఆ మాట ఆమెకు చేరిన సమయం సాయంత్రం అయిదుంబావు. ఆమె ఇప్పటికీ ఆ సమయం చెబుతుంది. మీ అబ్బాయి పెద్దయ్యాక అలా కూర్చోగలవాడు కావచ్చు. కర్ర మార్పించండి, తీగ ఉండనివ్వండి.

ప్రశ్న: ఉపగ్రహం మామూలు కంటికి కనబడుతుందా అండీ? – ఆరో తరగతి, భీమిలి

జవాబు: కనబడుతుంది నాన్నా. అన్నిటికంటే బాగా కనబడేది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. చీకటి పడిన గంటలోపు, లేదా తెల్లవారడానికి గంట ముందు చూడాలి. నీకు చీకటిగా ఉండాలి, 400 కిలోమీటర్ల పైన ఉన్న దానికి మాత్రం ఇంకా ఎండ తగలాలి. అది ఏ వేళకు వస్తుందో నాసా వారు ఊరివారీగా చెబుతారు, ఇంట్లో పెద్దవాళ్లను ఫోనులో చూడమను. విమానానికి దీపాలు మిణుకుమంటాయి, దీనికి మిణుకు ఉండదు. నిదానంగా, చప్పుడు లేకుండా, మంచి చుక్కంత వెలుగుతో సాగిపోతుంది. ఒక్కోసారి ఆకాశం మధ్యలోనే ఎర్రబడి మాయమవుతుంది. అది భూమి నీడలోకి వెళ్లింది, అంతే.

మీ బీచిలో వీధిదీపాలు లేని చోట, అమ్మనో నాన్ననో తోడు తీసుకుని నిలబడు. ఎటు నుంచి వచ్చింది, ఏ చుక్క దగ్గర మాయమైంది, ఎన్ని నిమిషాలు కనబడింది, ఒక కాగితం మీద రాసి నాకు పంపు.